మొదటిది ఇంట్లోనే

ఆ ఇంట్లో మొదటిది ఏదీ జరగదు. మొదటి అడుగు పడదు, మొదటి మాట రాదు. టైర్లకు రబ్బరు అతికే దుకాణం పక్కన రెండు గదులూ ఒక వసారా ఉన్న ఆ పిల్లల సంరక్షణ కేంద్రంలో పొద్దున్నించి సాయంత్రం దాకా పిల్లలు పాకుతారు, పడతారు, లేస్తారు, ఒకళ్లనొకళ్లు కొరుక్కుంటారు. అయినా లెక్కలోకి వచ్చే మొదటివన్నీ ఎవరిళ్లలో వాళ్లకే జరుగుతాయి. అది మేడమ్ పెట్టిన నియమం. ఇల్లూ కేంద్రమూ ఆవిడవే. ఆ నియమాన్ని పొల్లు పోకుండా నడిపించేది మాత్రం నడకలమ్మ.

గోడ పట్టుకుని నిలబడడం దగ్గరే ఆగిపోయిన పిల్లల్ని ఆమెకు అప్పజెప్పేవారు. ఆమె చిటికెన వేలు అందించేది. పిల్ల ఆ వేలిని నమ్ముకుని నాలుగు అడుగులు వేశాక, మాటల్లో పెట్టి వేలు లాగేసుకునేది. అలా ఆ వీధిలో బడికి పోయే పిల్లల్లో సగం మంది ఆమె వేలు పట్టుకుని నడిచినవాళ్లే. అందుకే ఆ పేరు.

నడిచిన సాయంత్రం తల్లి గేటు దగ్గరికి వస్తే, "మీవాడి కాళ్లు ఊరుకోవడం లేదమ్మాయ్. ఈ రెండు రోజులూ కాస్త కనిపెట్టుకుని ఉండు" అనేది. అంతే. సోమవారం ఆ తల్లి ముఖం చేటంత చేసుకుని వచ్చేది.

"నడిచాడండీ! వంటింట్లోంచి మంచం దాకా నడిచాడు!"

"నిజంగానా! మా కళ్లకి ఆ భాగ్యం ఎప్పుడో" అని నడకలమ్మ బుగ్గలు నొక్కుకునేది. వెనకనుంచి రేడియో చప్పట్లు కొట్టేది. రేడియో అంటే రెండో ఆయా. నోట్లో నువ్వుగింజ నానదు కనక అందరూ అలా పిలిచేవారు. తల్లి వీధి మలుపు తిరగ్గానే రేడియో ఆ పిల్లాడి చెవి పట్టుకునేది.

"ఒరేయ్ గజదొంగా, వారం నుంచీ నా చెప్పులు మోసుకెళ్లి బాత్రూంలో పడేస్తున్నది ఎవర్రా? మీ అమ్మకి నిన్న నడిచావా? అక్కా, మనం ఇక్కడ ఉండాల్సినవాళ్లం కాదు. నాటకాల్లో ఉండాలి."

నడకలమ్మ నవ్వేది కాదు. ఆమెకు ఇది ఆట కాదు.

నియమంలో రెండో భాగం ఒకటుంది. అది మేడమ్‌ది కాదు, నడకలమ్మ సొంతం. పిల్లలు ఆమెను ఏ పేరుతోనైనా పిలవచ్చు. ఒకడు "తత్తా" అన్నాడు, ఒకతె "బూ" అంది, ఇంకొకడు ఎందుకో "లారీ" అన్నాడు. అన్నిటికీ పలికేది. "అమ్మా" అంటే మాత్రం పలకదు. గోడవైపు తిరిగి ఉతికిన గుడ్డలు మడత పెట్టుకుంటుంది. పిల్ల ఏడ్చినా అంతే, పనిలో వేసుకునే ఆయా నీలం కోటు పట్టుకుని లాగినా అంతే. రెండు రోజులు, మహా అయితే నాలుగు రోజులు. పిల్లలు తెలివైనవాళ్లు, పలికే పేరు వెతుక్కుంటారు. వెతుక్కున్న క్షణంలో ఆమె గిరుక్కున తిరిగి ఎత్తుకుని ముద్దు పెట్టేది.

దీనికి కారణం ఎవరికీ చెప్పలేదు. ఆమె వయసులో ఉన్నప్పుడు సబ్బుల ఫ్యాక్టరీలో పనిచేసేది. కూతుర్ని పక్కింటామె దగ్గర వదిలి వెళ్లేది. ఒక సాయంత్రం చేతులకు సోడా వాసన పోకుండానే పిల్లకోసం వెళితే, పక్కింటామె గడపలో నిలబడి పడీపడీ నవ్వింది. "మీ అమ్మాయికి ఇవాళ మాటొచ్చింది. నన్ను చూసి అమ్మా అంది! నేను కాదే తల్లీ అంటే వినదే!" ఆ నవ్వులో చెడు లేదు. కానీ కూతురికి పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా మంచికైనా చెడ్డకైనా మొదటి ఫోను ఆ పక్కింటామెకే. నడకలమ్మకు కబురు రెండో చేతి మీదుగా వచ్చేది. ఇంకో తల్లికి ఆ గతి తన వల్ల పట్టకూడదని ఆమె పంతం. మంచి పంతమే. మంచి పంతం చేసే చెడుకి అడ్డు ఉండదు, ఎందుకంటే చేస్తున్నవాళ్లకి అనుమానం రాదు.

బుంగ అని పిలిచే పిల్లాణ్ని ఆ కేంద్రంలో వేసేటప్పటికి వాడింకా పాకుతున్నాడు. బుగ్గలు రెండూ గాలి నింపినట్టుండేవి. తల్లి రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. తండ్రి లారీ మీద ఊళ్లు తిరిగేవాడు, నెలకోసారి వచ్చి పిల్లాడికి కొత్తవాడిలా కనిపించి వెళ్లేవాడు. మొదటి రోజే రేడియో ఆ అమ్మాయిని ఆరా తీసింది.

"పసిపిల్లల దగ్గర కూడా నువ్వే తీస్తావా రక్తం?"

"నేనే తీస్తానండి. మిగతావాళ్లకి చెయ్యి వణుకుతుంది."

"ఏడుస్తుంటే నీకేం అనిపించదా?"

"ఏడుపు విన్నామా, సూది దిగదు. చెవులు ఇంటి దగ్గర పెట్టి వెళ్లాలి."

"మరి ఇంటికెళ్లాక తగిలించుకుంటావా?"

"ఒక్కోసారి మర్చిపోతా" అని ఆ అమ్మాయి నవ్వింది. ఆ రోజు నుంచి రేడియో ఆమెను సూదమ్మాయి అనేది.

బుంగ ఏడాది నిండకముందే నడిచాడు. ఇంట్లో, ఒక సెలవు రోజున, నియమం ప్రకారం. తర్వాత మాటలు వచ్చాయి. మొదటిది పాలగ్లాసు ఖాళీ అయినప్పుడు: "ఇంకా." తర్వాత "బంతి". కిటికీలో వాలిన దాన్ని చూసి "కాకి". రేడియో అతని బిస్కెట్టు లాక్కున్నప్పుడు స్పష్టంగా, వేలు చూపిస్తూ, "పో". రేడియో ఆ పూటంతా ఇంటింటికీ చెప్పుకోవాలని గింజుకుంది. నడకలమ్మ గేటు దగ్గర సూదమ్మాయితో ఎప్పటిలాగే అంది:

"నోరు ఊరుకోవడం లేదమ్మాయ్. కనిపెట్టుకుని ఉండు."

సూదమ్మాయి కనిపెట్టుకునే ఉంది. కానీ ల్యాబు వదిలి ఆమె వచ్చేసరికి బుంగ కళ్లు మూతలు పడుతుండేవి. ఇంటికి చేరేసరికి భుజం మీదే నిద్రపోయేవాడు. పొద్దున్నే నిద్రకళ్లతోనే ఇక్కడికి వచ్చేవాడు. ఆదివారాలు అత్తగారింట్లో, పదిమంది మధ్య, బిక్కమొహం వేసుకుని కూచునేవాడు. వాడి మాటలన్నీ పగటివి. పగలు ఆమెది కాదు.

ఒక మధ్యాహ్నం బుంగ నిద్రలేచి, పరుపు మీద కూచుని, చుట్టూ చూసి, నడకలమ్మ మీద కళ్లు నిలిపి, "అమ్మా" అన్నాడు.

ఆమె గోడవైపు తిరిగింది.

నాలుగు రోజులు చాలలేదు వాడికి. వారం గడిచినా మానలేదు. నీలం కోటు జేబులో వేళ్లు దూర్చి వేలాడుతూ, పొద్దున్న ఒకలా, మధ్యాహ్నం ఒకలా పిలిచేవాడు. కోపంగా పిలిచేవాడు. తలుపు చాటు నుంచి దాగుడుమూతల్లాగా పిలిచి, పలుకుతుందేమోనని తొంగిచూసేవాడు. జేబు కుట్లు ఊడిపోయాయి. ఆమె సాయంత్రం కుట్టుకునేది, వాడు పొద్దున్న ఊడదీసేవాడు.

"పలికెయ్యక్కా, పీడా వదిలిపోతుంది" అంది రేడియో. "వాళ్లమ్మ ఇక్కడుందా, విందా?"

"ఒకసారి పలికితే జన్మంతా అదే."

"వాడు నీకన్నా మొండిలా ఉన్నాడు."

"చూద్దాం" అంది నడకలమ్మ.

చూసింది. ఒక రోజు బుంగ ఆమె వెనక నిలబడి ఒకే ఒక్కసారి, ఎప్పుడూ లేనంత మెల్లిగా పిలిచాడు. ఆమె చేతిలో చిన్న తువ్వాలు ఉంది. నాలుగు మడతలు వేసి, గుడ్డల దొంతర మీద పెట్టి, ఇంకోటి తీసుకుంది. వెనక చప్పుడు లేదు. కాసేపటికి తిరిగి చూస్తే, వాడు నేల మీద కూచుని డబ్బా మూతను గిర్రున తిప్పుతున్నాడు. అది తిరిగి తిరిగి పడిపోయాక మళ్లీ తిప్పాడు.

"గెలిచావు" అంది రేడియో.

నడకలమ్మ కొత్త పేరు కోసం ఎదురుచూసింది. రాలేదు. "అలిగాడు" అనుకుంది. అలిగిన పిల్లల్ని ఆమె చాలామందిని చూసింది, అలక తీరాక అందరూ తిరిగొచ్చారు. తర్వాత "బంతి" పోయింది. కాకి కిటికీలో వాలి, అరిచి, ఎగిరిపోయినా వాడు తలెత్తలేదు. రేడియో కావాలని బిస్కెట్టు లాక్కుంది, నాలుగుసార్లు. వాడు "పో" అనలేదు. చెయ్యి చాచలేదు. ఆమె చేతిలో బిస్కెట్టు అలాగే ఉండిపోయింది. చివరికి "ఇంకా" కూడా పోయి, ఖాళీ గ్లాసు నడకలమ్మ చేతికి ఇచ్చి అక్కడే నిలబడేవాడు. ఆమె ముఖం వైపు మాత్రం చూసేవాడు కాదు.

అప్పుడు చెప్పి ఉండవలసింది. నడకలమ్మ మేడమ్ దగ్గరికి వెళ్లింది కూడా.

"పిల్లాడికి వచ్చిన మాటలు పోతున్నాయి మేడమ్. వాళ్లమ్మకి చెబుదామా?"

మేడమ్ కళ్లజోడు తీసింది. "ఏమని? మాటలొచ్చాయనే మనం చెప్పలేదు. ఇప్పుడు పోయాయని ఎలా చెబుతాం? రాని చుట్టం ఎలా పోయాడంటుంది."

"కానీ..."

"మగపిల్లలకి మాట ఆలస్యం. మా తమ్ముడు మూడేళ్లకి నోరు విప్పాడు. ఇప్పుడు నోరు మూయించలేకపోతున్నాం. వెళ్లు, రెండో గదిలో ఎవరో ఏడుస్తున్నారు."

ఎవరో ఏడుస్తున్న మాట నిజమే. నడకలమ్మ వెళ్లింది. సూదమ్మాయి అడిగినప్పుడల్లా, "మగపిల్లలకి ఆలస్యమమ్మాయ్" అనే మాట ఆమె నోటికి అలవాటైంది. ఆదివారాలు అత్తగారు, "మూగమొద్దుని కన్నావు, నీ పోలికే, నువ్వు మాత్రం ఎప్పుడు పెదవి విప్పావు గనక" అంటోందని సూదమ్మాయి ఒకసారి నవ్వుతూనే చెప్పింది. నడకలమ్మ ఆ మాటకీ "ఆలస్యమమ్మాయ్" అంది.

బుంగకు మూడో ఏడు వస్తుండగా సూదమ్మాయి వాణ్ని పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మర్నాడు పొద్దున గేటు దగ్గర వాడి చెప్పులు విప్పుతూ అడిగింది.

"డాక్టరమ్మ ఒకటే మాట మరీమరీ అడిగిందండీ. మాటలు వచ్చి పోయాయా, అసలు రాలేదా అని. రెండూ ఒకటి కాదంట. ఒక్క మాటా రాలేదని చెప్పాను. ఇక్కడెప్పుడైనా ఏమైనా అన్నాడా?"

మేడమ్ వసారాలోంచే జవాబిచ్చింది. "అంటే మేం నీకు చెప్పమా తల్లీ? పండగ చేసుకోమూ?"

సూదమ్మాయి మేడమ్ వైపు చూడలేదు. నడకలమ్మ వైపే చూస్తోంది. నడకలమ్మ పిల్లాణ్ని అందుకుని లోపలికి నడిచింది. నడుస్తుంటే వాడి బరువు ఎప్పుడూ లేనంతగా తెలిసింది.

వారం తర్వాత డాక్టరు కబురు పెట్టింది: పగలంతా చూసుకునే మనిషిని వెంటబెట్టుకు రమ్మని. మేడమ్ నడకలమ్మను పక్కకు పిలిచి, "అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిదానికి చెప్పకు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది" అని పంపింది.

డాక్టరు గదిలో పొట్టి బల్ల, చెక్క దిమ్మలు, ఒక బొమ్మ ఉన్నాయి. డాక్టరు నేల మీదే కూచుంది. దిమ్మ మీద దిమ్మ పెట్టి చూపించింది. బుంగ ఒక దిమ్మను తీసుకుని మూల మీద నిలబెట్టి తిప్పాడు. బొమ్మ ముక్కేదంటే చూడలేదు. "టాటా చెప్పు" అంటే చెయ్యి ఎత్తలేదు. డాక్టరు వాడి వెనక్కి వెళ్లి చిన్న గంట మోగించింది. వాడు చటుక్కున తల తిప్పాడు. అదే చోటునుంచి పేరు పెట్టి పిలిచింది. వాడు కదల్లేదు. మళ్లీ పిలిచింది. దిమ్మ తిరుగుతూనే ఉంది.

"చెవులు బంగారంలా ఉన్నాయి" అంది డాక్టరు. "పిలిస్తే పలకడం లేదంతే."

నడకలమ్మ కోటు జేబులో చెయ్యి పెట్టుకుని ఉంది. తను కుట్టిన చోట దారం గరుకుగా తగిలింది. ఆ పిల్లాడు కదలకుండా కూచున్న తీరు, ఆ వీపు, ఆ తల వంచిన వాటం ఆమెకు కొత్త కాదు. గోడవైపు తిరిగి గుడ్డలు మడత పెట్టుకునే మనిషి అచ్చం అలాగే కూచుంటుంది.

"అన్నాడండీ" అంది.

సూదమ్మాయి తలెత్తింది.

"ఇంకా అన్నాడు. బంతి, కాకి, పో. ఏడాది దాటినప్పుడు. తర్వాత పోయాయి."

"అన్నీనా? ఎప్పుడు పోయాయి?" డాక్టరు పెన్ను తీసింది.

"ఏడాదవుతోంది. అమ్మా అని కూడా అన్నాడు. నన్ను. తల్లిని అనాల్సిన మాటకి నేను పలకలేదు. పలక్కపోతే మానేస్తారు, అందరూ మానేశారు. వీడు మానలేదు. నేనూ పలకలేదు. ఒకరోజు మానేశాడు. దాంతో పాటు మిగతావీ..." జేబు దారాన్ని వేలికి చుట్టుకుంది. "నా వల్లే పోయాయా అమ్మా?"

డాక్టరు మంచి మనిషి. అబద్ధం చెప్పి ఓదార్చే మంచితనం కాదు ఆమెది.

"మీరు పలకనందుకు పోలేదు. కొందరు పిల్లల్లో మాటలు ఇలాగే వచ్చి, ఇలాగే పోతాయి. అది మీ చేతిలో లేదు. పోతున్నాయని చెప్పడం మీ చేతిలో ఉంది. అప్పుడే చెప్పి ఉంటే అప్పుడే మొదలుపెట్టేవాళ్లం. ఈ వయసులో ఏడాది అంటే చాలా పెద్దది."

నడకలమ్మకు మొదటి సగం వినపడలేదు.

బయట నడవాలో బల్ల మీద బుంగను కూచోబెట్టి సూదమ్మాయి చెప్పులు తొడుగుతోంది. పట్టీ సరిచేస్తూ, తలెత్తకుండా అడిగింది.

"ఎలా అన్నాడు?"

"ఏంటమ్మాయ్?"

"అమ్మా అని. ఎలా అన్నాడు? సాగదీసేవాడా, పొట్టిగా అనేవాడా?"

నడకలమ్మ చుట్టూ చూసింది. ఎదుటి బల్ల మీద ఎవరో పిల్లకు పాలసీసా పట్టిస్తున్నారు. "ముందు కాస్త ఆగి, తర్వాత గట్టిగా..." అని చెప్పబోయింది.

"చెప్పడం కాదు. అని చూపించండి."

నడకలమ్మ అంది. తల్లో తెల్లవెంట్రుకలున్న ముసలి ఆడమనిషి, ఆస్పత్రి నడవాలో నిలబడి, పసివాడి గొంతు తెచ్చుకుని, "అ... మ్మా" అంది.

"మళ్లీ."

అంది. పాలసీసా పట్టిస్తున్న మనిషి ఇటు చూసింది.

"మళ్లీ" అంది సూదమ్మాయి. కళ్లు మూసుకుని ఉంది. "తలుపు చాటు నుంచి కూడా పిలిచేవాడా? అది ఎలా?"

తలుపు చాటుది అంది. కోపంది అంది. చివరిది, మెల్లిగా పిలిచినది, అనబోయి అనలేకపోయింది. సూదమ్మాయి కాసేపు ఎదురుచూసింది. తర్వాత కళ్లు తెరిచి, రెండో చెప్పు పట్టీ వేసి, పిల్లాణ్ని ఎత్తుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. నడకలమ్మతో ఆమె మాట్లాడటం అదే ఆఖరు.

మేడమ్ ఆ సాయంత్రం నడకలమ్మను నిలబెట్టి దులిపేసింది. "ఇన్నేళ్ల పేరు ముంచావు. రేపటి నుంచి ఆ పిల్లాడు రాడు. వాడితో పాటు ఇంకెంతమంది పోతారో!" కానీ పొద్దున్నే సూదమ్మాయి వచ్చింది. ముందు సాయంత్రమే ఆమె అడిగితే, మాట రాని పిల్లల్ని తీసుకోం అని ఇంకో రెండు కేంద్రాలు చెప్పేశాయి. పైగా బుంగ ఇంకొకరి చేతి ముద్ద తినడు. సూదమ్మాయి పిల్లాణ్ని మేడమ్ చేతికివ్వలేదు, రేడియో చేతికివ్వలేదు. నడకలమ్మ చేతికే ఇచ్చింది. ముఖం మాత్రం గేటు గడియ వైపు ఉంది.

అప్పట్నుంచి నడకలమ్మ నియమం వదిలేసింది. ప్రతి సాయంత్రం గేటు దగ్గర అన్నీ చెప్పేది. ఇవాళ చెంచా తనే పట్టుకున్నాడు. మధ్యాహ్నం నిద్రపోలేదు. డాక్టరు చెప్పిన ఆట ఆడించాను, ఒక్కసారి నా కళ్లలోకి చూశాడు. సూదమ్మాయి వంగి పిల్లాడి చెప్పుల పట్టీలు వేసేది. ల్యాబులో రక్తం తీయడానికి ఏడ్చే పిల్ల చెయ్యి పట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉండేది ఆ ముఖం, శ్రద్ధగా, ఖాళీగా. పట్టీ వేయడం అయిపోగానే లేచి వెళ్లిపోయేది.

"గోడకి చెప్పుకో అక్కా, పెచ్చయినా రాలుతుంది" అంది రేడియో ఒకరోజు.

"వింటుంది" అంది నడకలమ్మ.

"వింటే ఊఁ అనదా?"

వింటూ కూడా ఊఁ అనకుండా ఉండటం ఎలాగో నడకలమ్మకు రేడియో చెప్పక్కర్లేదు.

చలిగాలులు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం బుంగ గ్లాసెడు పాలు తాగాడు. ఖాళీ గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. ఎప్పటిలాగే ముఖం చూడకుండా నిలబడి, అరిగిపోయిన గొంతుతో, "ఇంకా" అన్నాడు. రేడియో చేతిలో గిన్నె జారి నేలన పడింది. నడకలమ్మ గ్లాసు నింపి తెచ్చేలోపు వాడు డబ్బా మూత దగ్గరికి వెళ్లిపోయాడు. మళ్లీ అనలేదు. ఆమె సాయంత్రం దాకా మూడు గ్లాసులు నింపి మూడూ పారబోసింది.

ఆ పూట ఎండ వాలకముందే గేటు దగ్గర నిలబడింది. సూదమ్మాయి రాగానే, పిల్లాణ్ని దింపుతూనే చెప్పింది.

"ఇవాళ ఇంకా అన్నాడమ్మాయ్. పాలు తాగి, నన్ను చూడలేదు గానీ అన్నాడు. రేడియో కూడా వింది. అడుగు."

వాడి చెప్పు పట్టీ మీద సూదమ్మాయి చెయ్యి ఆగింది. టైర్ల దుకాణంలో గాలి కొట్టే యంత్రం ఆగి, మళ్లీ మొదలైంది. సూదమ్మాయి పట్టీ బిగించింది, లేచింది, కొడుకు చెయ్యి పట్టుకుంది. మాట్లాడింది వాడితోనే.

"అలాగా నాన్నా? ఇంటికెళ్లాక అందువుగాని, పద. ఇక్కడ ఎవరూ ఏమీ వినలేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఎన్నో ఏళ్లుగా నడకలమ్మ తల్లులందరితో మాట్లాడిన గొంతే అది, అంతే మృదువుగా ఉంది. ఇద్దరూ వీధి మలుపు తిరిగేదాకా ఆమె గేటు గడియ పట్టుకుని చూసింది. బుంగ మెట్టు దాటేటప్పుడు తల్లి చిటికెన వేలు పట్టుకున్నాడు. తల్లి ఆ వేలిని లాక్కోలేదు.

మరునాడు సాయంత్రం నడకలమ్మ మళ్లీ గేటు దగ్గర నిలబడి, వాడు ఏం తిన్నాడో, ఎంతసేపు పడుకున్నాడో ఆ వంగిన వీపుకు చెప్పింది.